పక్కింటివాళ్ళు వద్దనే సలహాలు

గోదావరిఖనిలో బర్రెలు పెట్టుకున్న సింగరేణి కుటుంబాలకు చెబుతున్నాను. కొన్ని తలకిందుల మాటల్లా ఉంటాయి. అయినా ఇట్లాగే చేయండి.

బర్రెకు తొమ్మిది నెలల లెక్క పెట్టకండి, ఆ లెక్క ఆవుది. సంకరజాతి ఆవు సుమారు 280 రోజులకు ఈనుతుంది. నాటు ఆవు ఇంకో వారం దాకా మోస్తుంది. ముర్రా బర్రెకైతే దాదాపు 310 రోజులు. కడుపులో మగదూడ ఉంటే ఒకటి రెండు రోజులు ఎక్కువే. ఇది తెలియక "రోజులు దాటినయ్, సూది ఏపిద్దాం" అని తొందరపడతారు. గర్భద్వారం తెరుచుకోకముందే నొప్పుల సూది పడితే గర్భసంచి చిరిగిపోవచ్చు. కట్టించిన తేదీ కొట్టం గోడ మీద బొగ్గుతో రాసుకోండి, అనుమానాలు తీరతాయి.

ఈనడానికి రెండు నెలల ముందే పాలు పిండడం ఆపేయండి. "రెండు లీటర్లు చేతులారా పోగొట్టుకుంటవా?" అంటారు. పోగొట్టుకోండి. దూడ బాగా పెరిగేదీ, పొదుగు మళ్ళీ సత్తువ కూడగట్టుకునేదీ అప్పుడే. తుంటి ఎముకలు పొడుచుకొచ్చిన స్థితిలో ఈనిన బర్రె నెలల తరబడి ఎదకు రాదు.

మాయ వేలాడుతుంటే రాయి కట్టకండి, లాగకండి. పన్నెండు గంటల్లో పడకపోతే పశువుల డాక్టరును పిలవండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

ఈనిన తరువాత తొలి ఎదకే కట్టించకండి. గర్భసంచి కుదుటపడడానికే నెల, నెలన్నర పడుతుంది. రెండు నెలలు ఆగండి. పోయిన ఎద 21 రోజులకు మళ్ళీ వస్తుంది.

ఇక అన్నిటికంటే వింతగా తోచేది, నేను గట్టిగా పట్టుబట్టేది ఒకటుంది. ఎద కనిపెట్టే పని పగలంతా ఇంట్లో ఉండేవాళ్ళకు కాదు, సెకండ్ షిఫ్ట్ దిగి అర్ధరాత్రి ఇల్లు చేరేవాళ్ళకు, ఫస్ట్ షిఫ్ట్‌కు తెల్లారకముందే లేచేవాళ్ళకు అప్పగించండి. రామగుండం ఎండలు 45 డిగ్రీలు తాకే రోజుల్లో నల్లటి తోలు, తక్కువ చెమట ఉన్న ఈ జీవి ఎద మూగగా జరిగిపోతుంది. అరవదు, ఇంకో బర్రె మీదికి ఎక్కదు. కనిపించే కాస్తా రాత్రి, తెల్లవారుజామునే. బర్రె పడుకుని ఉన్నప్పుడు ఫోన్ లైటు వేసి తోక కింద చూడండి: మానం ఉబ్బి ఉందా, తీగలా సాగే తేటజిగురు నేల మీద పడిందా, మాటిమాటికీ మూత్రం పోస్తోందా? ఆ పూట పాలు ఎగబట్టినా అనుమానించాల్సిందే. రాత్రి కనబడితే పొద్దున, పొద్దున కనబడితే సాయంత్రం గోపాలమిత్రను పిలిచి కృత్రిమ గర్భధారణ సూది వేయించండి.