సైటు తప్పు

రాయచూరు కోట పక్కనుంచి బస్సు పోతోందంటే చాలు, మా షావుకారు గారికి 1520 గుర్తొచ్చేది. ఆదిల్‌షాహీల చేతిలో ఉన్న ఆ కోటని కృష్ణదేవరాయలు ముట్టడించాడు. గోడ రాళ్ళు పెకలించడానికి వెళ్ళినవాళ్ళని పైనుంచి చావగొడుతున్నారు. అప్పుడు ఫిగెయిరెదో అనే పోర్చుగీసువాడు ఇరవైమంది తుపాకీవాళ్ళతో దిగి, గోడమీద తల కనిపిస్తే చాలు కాల్చడం మొదలెట్టాడు. సంగతేమిటో చూద్దామని కోట అధిపతి తొంగిచూస్తే, సరిగ్గా నుదుటి మధ్య తగిలింది గుండు. "గురంటే అదీ!" అనేవారు షావుకారు గారు, పక్కన కూర్చున్న కూతురి భుజం తట్టి. ఇదంతా నునిజ్ అనే ఇంకో పోర్చుగీసువాడు రాసిపెట్టాడు. ఫిగెయిరెదో అసలు వచ్చింది గుర్రాల బేరానికి. ఆ ముక్క మాత్రం ఈయన ఎప్పుడూ చెప్పలేదు.

సింధనూరు తాలూకాలో ఒక క్యాంపులో నేనాయన దగ్గర గుమాస్తాని. క్యాంపంటే డేరాలు కావు. తుంగభద్ర ఎడమ కాలువ పారాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్ళు కట్టుకున్న ఊళ్ళు. మూడో తరం వచ్చినా క్యాంపు అన్న పేరు పోలేదు. షావుకారు గారిది వడ్ల వ్యాపారం. చుట్టుపక్కల కన్నడ రైతులూ, మనవాళ్ళూ ఆయన కాటాకే తెచ్చేవారు.

2012లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కంచు గెలిచాడు. ఆ వారమే షావుకారు గారు లైసెన్సు అక్కర్లేని పాయింట్ వన్ సెవెన్ సెవెన్ రైఫిలొకటి కొనుక్కొచ్చారు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ కాల్చిన చెయ్యి ఆయనది. గోదాములో బస్తాల వరసల మధ్య టేపు పెట్టి పది మీటర్లు కొలిచారు. చివర ఊక బస్తాలు, వాటి ముందు చెక్క, చెక్కకి కాగితం టార్గెట్టు.

పాపకి పదకొండేళ్ళు. కాల్చనిస్తారని ఉరుక్కుంటూ వచ్చింది గానీ మొదట్లో పెల్లెట్టు ముట్టుకోనివ్వలేదు. బ్యారెల్ చివర రూపాయి బిళ్ళ పెట్టి, అది పడకుండా నిలబడమనేవారు. మోచెయ్యి తుంటి ఎముకకి ఆనాలి, బరువు ఎముకలు మొయ్యాలి, కండలు కాదు. ఊపిరి సగం వదిలి ఆపాలి. ట్రిగ్గరు లాగకూడదు, ఎప్పుడు పేలిందో నీకే తెలియనంత మెల్లగా నొక్కాలి. పేలాక కూడా కన్ను తియ్యకూడదు. పెల్లెట్టు నాలుగున్నర మిల్లీమీటర్లు, టార్గెట్టు నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. చీమ తల కంటే పెద్దదేం కాదు.

ఆ పిల్లకి అన్నిటికన్నా బాగా పట్టుబడింది జీరో చూసుకోవడం. "ముందు అయిదు వదులు. చెల్లాచెదరుగా పడితే నీ తప్పు. అయిదూ ఒకేచోట గుంపుగా పడి, ఆ గుంపు పక్కకి ఉంటే నీ తప్పు కాదు, సైటు తప్పు. సైటు తిప్పు," అనేవారాయన. గడియారం లెక్కన చెప్పించేవారు: మూడు గంటలంటే కుడికి, ఆరు గంటలంటే కిందికి. తరవాత తరవాత కాగితం దగ్గరికి వెళ్ళకుండానే, నిలబడ్డచోటు నుంచే చెప్పేసేది. పిల్ల కన్నా అది, కొలబద్దా? అని హమాలీలు నోళ్ళు నొక్కుకునేవారు. షావుకారు గారు వచ్చినవాళ్ళందరికీ ఆ కాగితాలు చూపించేవారు. "దీని కన్ను అబద్ధమాడదు," అనేవారు.

ఆ ఏడు కోతలప్పుడు కొట్టు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. 75 కేజీల బస్తాలు కాటా మీదికి ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. నేను పట్టీలు రాస్తున్నాను. బడి నుంచి వచ్చిన పాప సంచి భుజాన్నుంచి దించకుండానే కాటా ముందు నిలబడిపోయింది. బస్తా దిగిన ప్రతిసారీ ఖాళీ కాటా దండె వంక, ఒక కన్ను మూసి, చూస్తోంది.

"నాన్నా, కాటా జీరోలో లేదు."

"లోపలికెళ్ళమ్మా, పాలు తాగు."

"ఆరు గంటల వైపు దిగింది నాన్నా. చాలాసేపట్నుంచి చూస్తున్నా. ప్రతిసారీ అక్కడికే దిగుతోంది. ఒకేచోట పడితే చేతి తప్పు కాదు, సైటు తప్పన్నావుగా?"

హమాలీ బస్తా ఎత్తబోయి ఆగాడు. ట్రాక్టరు మీద కూర్చున్న ముసలి రైతు మెల్లగా దిగొచ్చి, పాప నిలబడ్డచోటే నిలబడి, తనూ ఒక కన్ను మూసి చూశాడు. "నావి మళ్ళీ తూయించండి సావుకార్," అన్నాడు.

షావుకారు గారు పెద్దగా నవ్వారు. "దానికి చూపానడం లేదయ్యా. బడిలో బోర్డు మీది అక్షరాలే కనబడవంటోంది. రేపు డాక్టరుకి చూపించాలి," అన్నారు.

అన్నంతపనీ చేశారు. మర్నాడు పాపని సింధనూరు తీసుకెళ్ళారు. సాయంత్రానికి దాని ముక్కు మీద నల్లఫ్రేము కళ్ళజోడు. కాటా దగ్గర రైతులున్నంతసేపూ అది తియ్యకూడదని ఆర్డరు.

రాత్రి చిట్టా పుస్తకం ముందేసుకుంటే కళ్ళద్దాల షాపు బిల్లు నా చేతికిచ్చారు. చూశాను. కుడికన్ను సున్నా, ఎడమకన్ను సున్నా. ఉత్త అద్దాలు.

"ఏ పద్దు కింద రాయమంటారండీ?" అన్నాను.

"కాటా రిపేరు కింద రాయవయ్యా."