హాల్లో పొయ్యి, గోడలో హోదా

జంషెడ్‌పూర్‌లో ఖర్కయి వంతెన దాటితే ఆదిత్యపూర్. వంతెనకు అటువైపు ఇనుము కరిగించే టాటా కొలిమి, ఇటువైపు దాన్ని నమ్ముకుని బతికే చిన్నాచితకా కార్ఖానాలు. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఫ్యాను వేస్తే వేడిగాలి మొహాన కొడుతుంది. ఇలాంటి ఊళ్లో ఒక గృహస్థు కొత్తింటి హాల్లో గోడ తొలిపించి కట్టెల పొయ్యి పెట్టించుకోవాలని ముచ్చటపడ్డాడనుకుందాం. ఊహే లెండి. కాకపోతే ఇంటీరియర్ కేటలాగులు తిరగేసే ఏ ఇంట్లోనైనా రేపోమాపో పుట్టగల ఊహ.

దాన్ని పొయ్యి అంటే ఆయన నొచ్చుకుంటాడు. 'ఇన్‌సెట్ వుడ్ బర్నింగ్ స్టవ్' అనాలి. పోత ఇనుముతోనో ఉక్కుతోనో చేసిన పెట్టె, ముందు గాజు తలుపు, వెనక పొగగొట్టం. గోడలో ఒదిగి కూర్చుంటుంది కనుక ఇన్‌సెట్. శ్రీకాకుళం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన నాయనమ్మకు ఇవేవీ తెలియవు. "ఏట్రా ఇది, పొయ్యి తెచ్చి హాల్లో ఎట్టినావు? దీని మీద కూడొండుతారేట్రా?" అంటుంది. వండరు, చూస్తారు. చూడ్డానికే ఇన్ని లక్షలు.

ఆ పెట్టె పనితనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740లలో, కౌంట్ రమ్‌ఫర్డ్ 1790లలో మొదలెట్టిన కసరత్తుకు ఇది వారసత్వం. తెరిచిన పొయ్యిలో వేడి చాలామటుకు గొట్టం దారినే పోతుంది. గాజు తలుపు బిగించి గాలిని అదుపులో పెడితే దాదాపు మూడొంతుల వేడి గదికి దక్కుతుంది. మంచు కురిసే దేశంలో ఇది వివేకం. అందుకే అక్కడ దాన్ని ఎంచుకోవడానికో లెక్క కూడా ఉంది: గది ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసి 14తో భాగిస్తే ఎన్ని కిలోవాట్ల పొయ్యి కావాలో తేలుతుంది. 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న హాలుకు సుమారు మూడున్నర కిలోవాట్లు.

అయితే బయట నీళ్లు గడ్డకట్టే చలి ఉన్నప్పటి లెక్క అది. ఆదిత్యపూర్‌లో జనవరి తెల్లవారుజాము ఎంత వణికించినా మధ్యాహ్నానికి స్వెట్టరు విప్పేయాల్సిందే. గృహస్థు లెక్క మాత్రం వేరు. అతిథులు ఎంతమందో చూసుకుని పెద్ద సైజు కొంటాడు. రాత్రి తొమ్మిదికి పొయ్యి అంటిస్తారు, తొమ్మిదిన్నరకి కిటికీలు తెరుస్తారు, పదింటికి ఏసీ వేస్తారు. ఇనప పెట్టె ఒకవైపు వేడిచేస్తూ, ప్లాస్టిక్ పెట్టె మరోవైపు చల్లబరుస్తూ ఉంటే మధ్యలో గృహస్థు సోఫాలో కూర్చుని యూరప్ అనుభవిస్తాడు.

ఇక పొగగొట్టం. మంచి లాగుడు ఉండాలంటే నాలుగున్నర మీటర్లకు తక్కువ కాకుండా నిలువుగా పైకి పోవాలి, కప్పును దాటాలి. సొంత ఇల్లయితే స్లాబుకు కన్నం పెట్టించుకోవచ్చు. అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు వాడికి ఈ కోరిక పుడితే మూడో అంతస్తు వాళ్ల పూజగదిలోంచి గొట్టం పోవాలి. ఏడాదికోసారైనా ఆ గొట్టంలో తారులా పేరుకునే మసి గీకించాలి, లేకపోతే గొట్టమే అంటుకుంటుంది. లండన్‌లో ఆ పనికి తరాలుగా ఒక వృత్తే ఉంది. ఆదిత్యపూర్‌లో ఏసీ మెకానిక్కును పిలవాలి కాబోలు.

కట్టెల సంగతి ఇంకా తమాషా. ఇంగ్లండ్‌లో 2021 నుంచి చిన్న మోతాదులో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదు. ఇక్కడ అడితికి వెళ్లి "తేమ ఎంత?" అని అడిగితే అడితివాడు ముందు ఆకాశం వైపు చూస్తాడు, తరవాత మీ వైపు. వానాకాలమంతా తడిసిన కట్టె ఏడాది ఆరినా అనుమానమే. పచ్చి కట్టె వేస్తే మంట రాదు, పొగొస్తుంది. మసి వెళ్లి తిన్నగా ఆ ఖరీదైన గాజుకే పడుతుంది.

ఆ గాజు తుడిచే విధానం చూడండి. తడిపిన న్యూస్‌పేపరు ముక్కను పొయ్యిలోని మెత్తటి బూడిదలో అద్ది గుండ్రంగా రుద్దితే మసి వదులుతుందని స్టవ్ వాడేవాళ్లంతా చెప్పే చిట్కా. నాయనమ్మ పెరట్లో కూర్చుని కొబ్బరిపీచు బూడిదలో అద్ది అన్నం గిన్నె తోమిందీ ఇదే పద్ధతిలో. ఆవిడ చేస్తే మోటు, మనవడు చేస్తే మెయింటెనెన్స్.

అసలు గోడకు ఆనించి, పొగగొట్టం బిగించిన పొయ్యి తెలుగువాళ్లకు కొత్తా? 1950లలో హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు పొగరాని మట్టిపొయ్యి ఒకటి రూపొందించారు. ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు, పొగను బయటికి తోలే గొట్టం. కోట్లాది వంటిళ్లలో పొగ లేకుండా చెయ్యాలన్నది ఆయన పట్టుదల. ఆ బాటలోనే కేంద్రం 1983లో మెరుగుపరిచిన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి కోట్ల సంఖ్యలో పొయ్యిలు పంచింది. తరవాత ఒడిశా పల్లెల్లో ఇలాంటి పొగగొట్టం పొయ్యిల మీద ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో బృందం అధ్యయనం చేస్తే, మొదటి ఏడాది పొగ తగ్గింది గానీ ఆ ఫలితం తరవాత మాయమైంది. మరమ్మతులు లేవు, వాడకం పడిపోయింది. రోజూ వండుకునే వాళ్లే గొట్టం శుభ్రం చేసుకోలేకపోతే, ఏడాదికి నాలుగు రాత్రులు వెలిగించే గృహస్థు చేయిస్తాడా?

పొగ విషయంలో నవ్వులాట లేదు. ఇళ్లలోని వంట పొగ వల్ల 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1952 డిసెంబరులో లండన్ పొగమంచు వేలమందిని బలిగొన్నాక 1956లో బ్రిటన్ స్వచ్ఛ గాలి చట్టం తెచ్చుకుంది. కట్టెల పొయ్యి కొత్తగా పెడితే ఆ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉండాలని ఇంగ్లండ్ నిబంధన. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. తలుపులు బిగించుకుని బొగ్గుల కుంపటి పక్కన పడుకున్న కుటుంబం తెల్లారేసరికి లేవలేదన్న వార్త ఉత్తరాది పత్రికల్లో ప్రతి చలికాలం వస్తూనే ఉంది. కేటలాగులో మంట బొమ్మ పేజీ నిండా ఉంటుంది, అలారం బొమ్మ వెతుక్కోవాలి.

కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మలను లేపడానికి ఈ దేశం చాలా తిప్పలు పడింది. గ్యాసు కనెక్షన్ల కోసం ఆంధ్రలో 1999లో దీపం పథకం, 2016 మే 1న బలియాలో కేంద్రం ఉజ్జ్వల, 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2. అమ్మ వంటింట్లోంచి ఇంత కష్టపడి బయటికి తోలిన పొగను కొడుకు గాజు తలుపు బిగించి, స్పాట్‌లైటు పెట్టి హాల్లోకి పిలుచుకుంటున్నాడు.

హాల్లో ఆ బూడిద ఎత్తడానికి వచ్చే పనిమనిషి ఇంట్లో గ్యాసు అయిపోతే ఆ పూట బొగ్గుల చూల్హాయే దిక్కు. గృహస్థుకు నిప్పు మీద అంత మమకారం ఉంటే గోడ తొలిపించడం మానేసి, ఆవిడ 14.2 కిలోల సిలిండరు నెలనెలా తనే నింపించాలి. తనకు చలేస్తే ఒక రజాయి కొనుక్కోవాలి.