పాలలెక్క పక్కన పాస్‌వర్డ్

మా ఇంట్లో భద్రతాశాఖ నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే పుచ్చుకున్నాను. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో తెలియని మొగుడికి ఏదో ఒక శాఖ ఉండాలి కదా!

పాత రౌటర్ రోజుల్లో మా వైఫైకి వేసింది వెప్ అనే తాళం. అది ఒట్టి డొల్ల అని 2001లోనే ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు లెక్కగట్టి చూపించారు. ఆ కబురు మా ఇంటికి చేరేసరికి పదేళ్లు దాటింది. చేరాక ఊరుకున్నానా? కొత్త రౌటర్ కొని, డబ్ల్యూపీఏ2 అనే కొత్త తాళం పెట్టి, చాలదన్నట్టు నెట్‌వర్క్ పేరు కూడా దాచేశాను. కనబడనిదాన్ని ఎవడు దోచుకుంటాడని నా ధీమా.

తీరా చూస్తే, దాచిన పేరును ల్యాప్‌టాపే వెతుక్కోవాలట. అందుకని వెళ్లినచోటల్లా వైఫై ఆన్‌లో ఉంటే చాలు, "ఫలానా ఉన్నావా, ఫలానా ఉన్నావా" అని పేరు పెట్టి మరీ పిలుస్తూ ఉంటుంది. అంటే ఇంట్లో దాచినదాన్ని బెజవాడ బస్టాండులో నేనే దండోరా వేయించానన్నమాట. ఆ పేరేమిటో ఇక్కడ చెప్పను. మా ఆవిడ ముద్దుపేరు.

ఇక పాస్‌వర్డ్. 8 అక్షరాలకు తగ్గకూడదు, 63 దాకా పెట్టుకోవచ్చు. గజేంద్రమోక్షంలో పద్యాలు ఏరి, మాటమాటకీ మొదటి అక్షరం తీసి, మధ్యలో అంకెలు చొప్పించి ఓ సాయంత్రమంతా కూర్చి తయారుచేశాను. మర్నాటికల్లా అది గోడ క్యాలెండర్ మీద, పాలలెక్క పక్కన, ఎర్రసిరాతో వెలిసింది.

"వచ్చినవాళ్లల్లా అడుగుతున్నారు. ఆ గజేంద్రుణ్ణి ఎన్నిసార్లు అప్పజెప్పనండీ?" అంది మా ఆవిడ.

మంచినీళ్లడిగితే మజ్జిగిచ్చే ఇల్లు మాది. పైఫ్లాటాయన, ఆయన మనవడు, వాషింగ్ మెషీన్ బాగుచేసే కుర్రాడు, అందరూ ఆ క్యాలెండర్ ముందు ఫోన్ పట్టుకుని నిలబడినవాళ్లే. డబ్ల్యూపీఏ2తో తంటా ఏమిటంటే, పాస్‌వర్డ్ తెలిసినవాడు మన కంప్యూటర్ రౌటర్‌తో చేతులు కలిపే క్షణాన్ని పట్టుకోగలిగితే, ఆ తర్వాత గాలిలో పోయేదంతా విప్పుకోవచ్చు. సైటు హెచ్‌టీటీపీఎస్‌ది అయితే లోపలి సరుకు భద్రమే గానీ, ఏ సైటుకి వెళ్లామో తెలిసిపోవచ్చు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ కన్నం పూడ్చింది. మా రౌటర్‌కి ఆ యోగం లేదు. కొత్తది కొందామని నోరు తెరిస్తే మా ఆవిడ మిక్సీ సంగతి ఎత్తుతుంది.

పైఫ్లాటాయనకి ఇంత విద్య అక్కరే లేకపోయింది. విండోస్ నన్ను అడిగింది: ఈ నెట్‌వర్క్ పబ్లిక్‌దా, ప్రైవేట్‌దా? గుట్టు కావాలి గనక ప్రైవేట్ నొక్కాను. అది నొక్కితే మన కంప్యూటర్ ఆ నెట్‌వర్క్‌లో పదిమందికీ కనబడుతుందట. నలుగురి కంటా పడకూడదంటే పబ్లిక్ నొక్కాలి! పైగా మా ఆవిడ ల్యాప్‌టాప్‌లోకి పెళ్లి ఫోటోలు పంపడానికని, ఫైళ్లు పంచుకునేచోట పాస్‌వర్డ్ అడగొద్దని నేనే టిక్కు పెట్టి, మళ్లీ తియ్యలేదు. ఆ ఫోటోల పక్కనే 'కథలు' అనే ఫోల్డరు.

లిఫ్టులో ఆయన నా భుజం తట్టాడు. "రెండో కథ బావుంది మాస్టారూ. ఆ హీరోయిన్ మావిడికాయ పచ్చడి పట్టే సీను మాత్రం కాస్త లాగారు."

ఆ రాత్రే తలుపులన్నీ బిగించాను. షేరింగ్ ఆపాను. పబ్లిక్ నొక్కాను. రౌటర్ లోపలి అడ్మిన్ పాస్‌వర్డ్, పెట్టెలోంచి ఊడిపడినప్పటిదే ఇంకా ఉంటే, మార్చాను. వచ్చిపోయేవాళ్లకి విడిగా గెస్ట్ నెట్‌వర్క్ పెట్టాను. దాని పాస్‌వర్డ్ క్యాలెండర్ మీద నేనే రాశాను.

వారం తిరక్కుండా ఆయన తలుపు కొట్టాడు. "మూడో కథ సగంలో ఉన్నాను మాస్టారూ, ఫోల్డరు మాయమైంది."

పత్రికలన్నీ తిప్పి కొట్టిన కథ అది. పుట్టి బుద్ధెరిగాక దొరికిన ఏకైక పాఠకుడు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, చొక్కా మార్చుకుని మరీ పైకి వెళ్లాను. ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులో వైరస్‌లూ అవీ ఏం లేవు కదా?"