చుట్టల పెట్టె చెప్పుకున్న కథ

నేను ఇత్తడి చుట్టల పెట్టెను. పుట్టింది అజ్జరంలో. అక్కడి కొలిమి సంగతి నాకు అంతగా గుర్తులేదు. మొగల్తూరులో మా పెద్దాయన మొలలో గడిచిన కాలమే నా బతుకంతా. గోదావరి వరద వదిలివెళ్ళిన ఒండ్రులో పండే లంక పొగాకు ఘాటు నా ఒంటికి పట్టేసింది, ఎంత తోమినా పోలేదు. ఒకప్పుడు అదే నా గొప్ప. పెళ్ళిళ్ళలో పెద్దమనుషులు చుట్టూ చేరి మరీ నా మూత తీయించేవారు.

పెద్దాయనకు తెలియనిది ఒకటి నాకు తెలుసు. ఆయన చెయ్యి ఆయనకంటే ముందుండేది. కొబ్బరికాయల లెక్క తేలకపోయినా, భోజనం ముగిసినా, ఊరికే అరుగు మీద కూర్చున్నా వేళ్ళు వచ్చి నా మూత మీద పడేవి. ఆయన మాటల్లోనే ఉండేవారు, ఈలోగా చుట్ట వెలిగేది.

"ఏవండీ, ఇందాకేగా ఒకటి కాల్చారు!" అనేవారు అమ్మగారు లేసు అల్లుతూ.

"ఇందాకా? నేనా?"

నిజంగానే గుర్తుండేది కాదు. ఒకనాడు రాలిన నిప్పురవ్వ ఆవిడ అల్లుతున్న తెల్లటి పువ్వు మధ్యలో నల్లటి కన్నం చేసింది. నర్సాపురం షావుకారుకి ఇవ్వాల్సిన పని అది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. కాలిన పువ్వు విప్పేసి కొత్తది మొదలుపెట్టారు. మా పెద్దాయన మీద నాకున్న కోపం ఆ రోజుదే.

ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్ళకు అంగిట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎప్పుడో తేల్చారు. వైద్యం చదివే మనవరాలు ఆ మాట చెప్పి పెద్దాయన్ని చాలా భయపెట్టింది. భయం వేసినప్పుడు కూడా ఆ చెయ్యి నా దగ్గరికే వచ్చేది.

ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ అనే విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. ధ్యాన గురువు గోయెంకాగారి పద్ధతిలో 10 రోజులు మౌనంగా ఉండి శ్వాసనూ, ఒంట్లో పుట్టి పోయే స్పర్శలనూ గమనించాలి. పొగాకు ముట్టకూడదు. పెద్దాయన నన్ను ఇంట్లో వదిలి అక్కడికి వెళ్ళారు. తిరిగొచ్చిన మర్నాడే మళ్ళీ నన్ను అందుకున్నారు. కానీ మూత మీద వేళ్ళు ఆగాయి. అంతకుముందు ఎప్పుడూ అలా ఆగలేదు.

కళ్ళు మూసుకుని మెల్లగా అనుకున్నారు: "దవడ బిగుసుకుంది. నోరూరుతోంది. ఛాతీలో ఏదో గుంజుతోంది." ఆ గుంజుడుతో పోట్లాడలేదు, తనను తాను తిట్టుకోలేదు. పేరుపాలెం కెరటంలా అది లేచింది, ఉబ్బింది, కొన్ని నిమిషాలకు విరిగిపోయింది. వేళ్ళ పట్టు సడలడం నాకు తెలిసింది.

ఇంకోనాడు మూత తీశారు. వెలిగించి, ఒక్కో దమ్మునూ గమనించారు. నాలుక చుర్రుమనడం, గొంతులో గరగర, వేళ్ళకు అంటుకున్న కంపు. "ఇంత చేదుగా ఉంటుందా ఇది!" అన్నారు. సగం చుట్ట అక్కడే నలిపేశారు.

"తాతయ్యా, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 88 మందితో ఇలాంటిదే చేశారు. జడ్సన్ బ్రూవర్ అనే డాక్టరు 2011లో ప్రచురించాడు. ఈ ఎరుక నేర్చుకున్నవాళ్ళలో 17 వారాలకు 31 శాతం మంది పొగ మానేసి ఉన్నారు, మామూలు శిక్షణ తీసుకున్నవాళ్ళలో 6 శాతమే" అంది మనవరాలు. వెంటనే, "తర్వాత వచ్చిన పరిశీలనలన్నీ కలిపి చూస్తే అంత గట్టి రుజువు దొరకలేదులే. డాక్టర్ని కూడా అడుగు, కావాలంటే నికోటిన్ చూయింగ్ గమ్ ఇస్తారు" అని కూడా చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పిన ఆ పిల్లంటే నాకు గౌరవం.

చుట్టలు తగ్గేకొద్దీ నేను మొల నుంచి గూట్లోకి, గూట్లోంచి అటక మీదకి చేరాను. చింతపండు పెట్టి నన్ను తోమే చేతులు మరిచిపోయాయి. కిలుము పట్టింది, మూత బిగుసుకుపోయింది. చిల్లు చాటలూ, కాలు విరిగిన పీటా నాకు తోడు. వెచ్చటి మొలలో ఉన్నదాన్ని ఇలా పడి ఉండటం బాధే. మధ్యలో ఒక పెళ్ళిలో ఎవరో ఇస్తే పెద్దాయన చుట్ట కాల్చారట. ఆయన మళ్ళీ నాకోసం వస్తారేమోనని చూశాను. రాలేదు. బాధ ఒకపక్క, ఊరట ఒకపక్క.

మొన్న కాయలు దింపే కుర్రాడు కింద అరుగు దగ్గర నిలబడి, "నాకూ మానేయాలనుందండి, అవట్లేదండి" అన్నాడు.

"పొగ మానడానికి సాయం చేసేవాళ్ళ నంబరు 1800 11 2356కి ఫోన్ చెయ్యరా, డబ్బులు పడవు. ఇంకో మాట. ఈసారి కాల్చేటప్పుడు ఆ సెల్లు పక్కన పెట్టు. కాలుస్తున్నానని తెలిసి కాల్చు. రుచెలా ఉందో సాయంత్రం వచ్చి నాకు చెప్పు."

"అలాగేనండి" అన్నాడు వాడు.