అందరం ముప్పై తొమ్మిదే!

రేణిగుంట మనిషికి నంబరు ప్లేటు చదవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. చెన్నై దారి, కడప దారి, కాళహస్తి దారి, తిరుపతి దారి అన్నీ కలిసే చోటు మాది. టీ కొట్టు ముందు నిలబడితే చాలు, తిరుమల కొండకు పోయే జనం మన ముందు నుంచే పోతారు. ఏపీ 02 అనంతపురం, 04 కడప, 21 కర్నూలు, 26 నెల్లూరు. మా చిత్తూరు 03 కనబడితే మనోడే. వెనక నుంచి వచ్చి గీత పెట్టినా, ‘‘మన 03నే కదప్పా, పోనీలే’’ అని సర్దుకునేవాళ్లం. అదే గీత 26 వాడు పెడితే పంచాయతీ పొద్దుగూకే దాకా నడిచేది.

2019లో ప్రభుత్వం రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 అని ఒకే కోడు పెట్టింది. అప్పటి నుంచి కొత్త బండి కొన్నవాళ్లంతా, ఇచ్ఛాపురం నుంచి కుప్పం దాకా, ఒకే ఇంటిపేరు వాళ్లమైపోయాం. ఇందులో అందరికన్నా ఎక్కువ నష్టపోయింది మా చిన్నమామ. టీ కొట్టు బెంచీ మీద ఆయనకున్న విద్య నంబరు చూసి ఊరు చెప్పడమొక్కటే.

‘‘ఆ కారు యాడిది రా?’’

‘‘39 మామా.’’

‘‘39 అంటే యాడ?’’

‘‘యాడైనా కావచ్చు.’’

‘‘అట్లయితే నంబరెందుకు రా, ఏపీ అని రాసి వదిలేస్తే సరిపాయె గదా!’’

2022 ఏప్రిల్ 4న మేం చిత్తూరు జిల్లా వదిలి తిరుపతి జిల్లా వాళ్లమయ్యాం. జిల్లా మారినా నంబరు మార్చే పని పడలేదు. నంబరులో జిల్లాను మూడేళ్ల ముందే తీసేశారు కాబట్టి! సర్కారుకు ముందుచూపు లేదని ఇక మీదట ఎవరైనా అంటే నేనొప్పుకోను.

చిన్నమామది ఊరి బాధ, మా బావమరిదిది అంకెల బాధ. ఎట్ల కూడినా తొమ్మిది రావాలి. కొత్త కారు కోసం ఫ్యాన్సీ నంబరుకు ఆన్‌లైన్ వేలంలో పాడి గెలిచాడు. ఆ డబ్బుకు నాలుగు టైర్లూ, వాటితో పాటు ఒక స్టెప్నీ కూడా వచ్చేవి. వాడి పాత బైకు మీద 8055ను ‘బాస్’ అని చదువుకునేటట్టు పెయింటరు చేత వంకర్లు తిప్పి రాయించాడు. మిగతా నంబరు చదవాలంటే భూతద్దం కావాలి.

కొత్త కారుకూ అదే సోకు చేయిద్దామని షోరూమ్‌కు పోయాడు. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేటే. అల్యూమినియం రేకు, ఎడమ మూల మెరిసే అశోక చక్రం, లేజర్‌తో చెక్కిన వరుస సంఖ్య, ఒకసారి నొక్కితే మళ్లీ ఊడని లాకులు. బిగించే కుర్రాడు టక్కున నొక్కేశాడు.

‘‘తమ్ముడూ, ఆ అంకె కొంచెం పెద్దది చేసేదానికి కాదా?’’

‘‘కాదన్నా. ఇది ఊడదీయాలంటే విరగాల్సిందే.’’

అంతటితో ఆగితే వాడు మా బావమరిది ఎందుకవుతాడు? నేరుగా అలిపిరి పాదాల మండపం దగ్గర పూజకు తీసుకుపోయాడు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పూలదండ. పూజారి గంధం, కుంకుమ దట్టించి నంబరులో చివరి రెండంకెలను స్వామికే సమర్పించేశాడు. తిరిగొస్తుంటే దారిలో పోలీసాయన ఆపాడు.

‘‘ప్లేటు తుడవండి.’’

‘‘దేవుడి బొట్టు సార్!’’

‘‘దేవుడికి బొట్టు లేకపోయినా తెలుస్తుంది సామీ. కెమెరాకే తెలీదు.’’

ఇప్పుడా కారు ముందద్దం చూడాలి. ఇంధనం గుర్తుగా ఒక స్టిక్కరు, పెట్రోలుకు లేత నీలం, డీజిలుకు నారింజ. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరిలో ఫాస్టాగ్ తప్పనిసరి కాబట్టి అదొకటి. వాటి పక్కన గోవింద నామం, పైన అభిమాన హీరో. మిగిలిన సందులోంచి మావాడు రోడ్డు చూస్తాడు.

మా నాన్న స్కూటరు మాత్రం ఇప్పటికీ ఏపీ 03నే. 20 ఏళ్లు దాటిన టూవీలరు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు కేంద్రం 2025 ఆగస్టులో 2,000 రూపాయల ఫీజు పెట్టింది. పాతసామానోడు స్కూటరుకు అంత కూడా ఇవ్వనన్నాడు. అయినా నాన్న ఫీజు కట్టడానికే సిద్ధమయ్యాడు. ‘‘స్కూటరుకు కాదురా, ఆ సున్నా మూడుకు కడతాండా’’ అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి చిన్నమామ రోజూ పొద్దున వచ్చి ఆ ప్లేటును కళ్లారా చూసుకుని పోతున్నాడు.

ఎవరి ముచ్చట వాళ్లది గానీ, నంబరు ప్లేటు మన గొప్ప చెప్పుకోవడానికి పెట్టింది కాదు. గుద్ది పారిపోయిన బండిని, దొంగలు ఎత్తుకుపోయిన బండిని ఎవరైనా చూసి చెప్పగలగాలని పెట్టింది. రేపు పోయేది మీ బండే కావచ్చు. కాబట్టి అయ్యలారా, బొట్టు బానెట్‌కు పెట్టండి, బిరుదులు వెనకద్దం మీద రాయించుకోండి. నంబరును మాత్రం నంబరులాగే ఉండనివ్వండి.