సమైక్యతకు సిమెంటు బల్ల

కాలనీ జనం ఒకరితో ఒకరు కలవడం లేదట. అందుకని ఖాళీ జాగాలో ఒక సిమెంటు బల్ల వేసి, రెండు క్రోటన్ మొక్కలు నాటి, గోడ మీద ‘మనమంతా ఒక్కటే’ అని రాయిస్తే ఐకమత్యం దానంతటదే మొలకెత్తుతుందని లేఅవుట్ నిపుణుల గట్టి నమ్మకం. పటంలో ఆ చోటికి ఆకుపచ్చ రంగు వేస్తారు. నేల మీద మాత్రం తుప్పలే.

పలాస, టెక్కలి పల్లెల వాళ్లకి కబుర్లు చెప్పుకోవడం ఒకరు నేర్పాలా? అక్కడి ఉద్దానం ప్రాంతంలో ఏ పాత వీధైనా చూడండి. గోడకు గోడ ఆనుకొని వరస ఇళ్లు, ముందు అరుగులు. వల బాగుచేసుకునేది అక్కడే, పెళ్లి సంబంధం కుదిరేది అక్కడే, పక్కింటి కోడలి మీద తీర్పు వెలువడేదీ అక్కడే. ఎవరికి కిడ్నీ జబ్బు బయటపడిందో, డయాలసిస్‌కి ఎవరు వెళ్తున్నారో ముందు తెలిసేదీ అక్కడే. ఇంత చాకిరీ చేసిన అరుగుకి ఏ కన్సల్టెంటూ బిల్లు పెట్టలేదు.

2020 డిసెంబరులో ‘పేదలందరికీ ఇళ్లు’ పథకం మొదలైంది. అప్పట్లో పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు స్థలం ఇచ్చారు. సెంటంటే 48 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు లేచాక మిగిలిన చోట నీళ్ల డ్రమ్ము, మోటారు సైకిలు. ఇక అరుగెక్కడ? అంతకుముందు పట్టణాల్లో మొదలెట్టిన ప్రభుత్వ టిడ్కో ఇళ్లయితే 300, 365, 430 చదరపు అడుగుల లెక్కన మూడంతస్తులు పైకెళ్లాయి. మూడో అంతస్తులో జీడిపిక్కలు ఎక్కడ ఎండేసుకోవాలో ఆ లెక్కలో లేదు.

పోనీ, బల్ల మీద కూర్చోమంటే మా వైపు ముసలమ్మలు అడిగేది ఒక్కటే: “నీడేదీ బావూ?” 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టిన నేల ఇది. నీడ విలువ ఇక్కడి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వాళ్లకి మనమిచ్చింది క్రోటన్!

ఈ తెలివి మన ఒక్కళ్లదే అనుకునేరు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్-ఐగో అని పేదలకు 33 భవనాలు కట్టారు. ఇరుగుపొరుగు కలుసుకోవాలని పొడవాటి వరండాలు పెట్టారు. కట్టకముందే పత్రికలు మెచ్చుకున్నాయి. తీరా ఆ వరండాల్లో నడవాలంటేనే జనం జడుసుకున్నారు. 1972లో కూల్చడం మొదలెట్టారు.

తర్వాతి లేఅవుట్ గీసే అయ్యలకు మనవి. బల్ల ఖర్చు మిగుల్చుకోండి. గడప ముందు మూడడుగుల అరుగు, పిక్కలు ఎండేసుకోను ఒక కళ్లం, రెండు వేపచెట్లు, నీళ్లొచ్చే కుళాయి ఇవ్వండి. ఎవరితో మాట్లాడాలో, ఎవరితో తగువు పెట్టుకోవాలో మావాళ్లు చూసుకుంటారు.