బల్ల దగ్గరికి వచ్చేముందు

మా రోజుల్లో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉందంటే, శనివారం పొద్దుగూకే వేళకే మా పల్లెలో కదలిక మొదలయ్యేది. గొడ్డు చేలో పడిందని తిట్టుకున్నవాళ్లు, బావి దగ్గర మాటామాటా అనుకున్న తోడికోడళ్లు, బాకీ తీర్చలేక ముఖం చాటేసినవాళ్లు, ఒకరి గడప ఒకరు తొక్కేవాళ్లు. “వదినా, రేపు బల్ల ఉంది, నామీద మనసులో ఏం పెట్టుకోకే” అనే మాట ప్రతి నెలా ఏదో ఒక ఇంటి ముందు వినపడేది. నీమీద నీ సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే పెట్టి, ముందు వెళ్లి సమాధానపడి రమ్మని మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఆ మాట విని, లేచి వెళ్లి చేశారు. సమాధానపడని మనిషి రొట్టె అందుకోకుండా వెనక చాపమీదే కూర్చునేవాడు. మరుసటి నెల కూడా అలాగే కూర్చుంటే పెద్దలు అతని ఇంటికి వెళ్లి, సంగతేమిటో తేల్చేదాకా కదిలేవాళ్లు కాదు.

ఇప్పుడు తగాదా వస్తే మనిషి చర్చి మారుస్తున్నాడు. ఒకే వీధిలో నాలుగు చర్చిలున్నప్పుడు అదెంత పని? అన్న ఒక చోట, తమ్ముడు మరో చోట. ఇద్దరూ రొట్టె తీసుకుంటారు, ద్రాక్షరసం తాగుతారు, ఇద్దరి మధ్యా మాటల్లేవు. కొత్త చర్చిలో పాత గొడవ గురించి అడిగే పెద్ద ఉండడు. అడిగితే ఈ కుటుంబం ఇంకో చోటికి పోతుందని భయం. క్షమాపణ అడగకుండా బతికే దారి మనకు మనమే వేసుకున్నాం.

వాక్యానికి కరువొచ్చిందని నేననడం లేదు. పొద్దున లేస్తే ఫోన్లో వాక్యం, టీవీలో వాక్యం, ఆటో వెనక వాక్యం. జనవరి ఒకటో తారీఖు రాక ముందే వాగ్దానాల కేలండర్ ఇంటికొస్తుంది. అందులో యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం తప్పకుండా ఉంటుంది. దేవుడు మనకు మేలే ఉద్దేశించాడన్న మాట అది. మంచి మాటే, నా ప్రాణానికి ఎన్నోసార్లు ఊరటనిచ్చిన మాట. కానీ దానికి పై వచనం ఎవరైనా అచ్చువేశారా? బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరం అది. డెబ్బై ఏళ్లు ఆగాలని ఆ పై వచనంలోనే ఉంది. అంతకు ముందు ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని ఉంది. ఓపికా పనీ పొరుగువాడి మేలూ కత్తిరించేసి, మన మేలు ఒక్కటే గోడకు తగిలించుకుంటున్నాం. మా సండే స్కూల్లో బంగారు వాక్యం ఒప్పజెప్పాక మాస్టారు ఇంకో ప్రశ్న వేసేవారు: “ఈ వారం దీన్ని ఎక్కడ చేశావు?” అని. జవాబు లేకపోతే వాక్యం వచ్చినా రానట్టే లెక్క.

మా నాన్న పొగాకు గ్రేడింగ్ దగ్గర కూలీల మేస్త్రీ. యజమాని డబ్బు ఆలస్యం చేసిన రోజున అప్పు తెచ్చయినా ఆడకూలీల చేతిలో పొద్దు కుంకేలోపు కూలి పెట్టేవాడు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఉంది కదా, బీదవాడి కూలి సూర్యుడు అస్తమించకముందే ఇచ్చెయ్యాలని, వాడు దానిమీదే ఆశ పెట్టుకుని ఉంటాడని. ఆ మాట ఆయన ఎప్పుడూ పైకి చదవలేదు. అమ్మ సణిగితే, “వాళ్ల పొయ్యి వెలగాలిగా” అని మాత్రం అనేవాడు.

మా ఒంగోలు సీమ సంఘాల పునాదే అలాంటిది. 1876–78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పనీ కూలీ చూపించారు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆగమన్నారు. సాయం పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. రొట్టె చూపించి మనిషిని పిలవకూడదని అంత పట్టుబట్టిన సంఘానికి వారసులం మనం. ఇవాళ పోస్టర్ల నిండా ఉద్యోగం, వీసా, అప్పుల విడుదల. ఏ పోస్టరు మీదా సిలువ ఎత్తుకోమన్న మాట నేను చూడలేదు.

ఇవ్వడమైనా అంతే. 1912లో డోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్, కటిక పేదలకు కూడా ఇవ్వడం నేర్పారు. అక్కడి సంఘాల్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడి పేరున పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్లు. మా అమ్మకూ ఆ అలవాటే. తీసినట్టు ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఫ్యాను ఇస్తే రెక్క మీద పేరు, కుర్చీలిస్తే వీపున పేరు.

పాతకాలమంతా బంగారమని మాత్రం చెప్పను. మాల సంఘం, మాదిగ సంఘం అని వేరుగా కూర్చున్నది మా తరమే. క్రీస్తులో అందరూ ఒక్కటేనని పౌలు గలతీయులకు రాసిందాన్ని చదువుతూనే పెళ్లి సంబంధాల దగ్గర దాన్ని మూసేశాం. ఆ విషయంలో ఇప్పటి పిల్లలే నయం, కొందరైనా ఆ గోడ దాటుతున్నారు. దాటినవాళ్లను సంఘం ఆదుకోవాలి, వాళ్ల వెనకాల మాట్లాడుకోవడం మానాలి.

నా బాధల్లా ఇప్పుడు ముందున్న సంగతి గురించే. మా సంఘంలో ఒక బిల్డింగు కాంట్రాక్టరు ఉన్నాడు. కారు అద్దం మీద యెహోవా యీరే అని రాయించుకున్నాడు, కానుకలు బాగా ఇస్తాడు. తాపీ పనివాళ్లకు పండగ ముందు నుంచి కూలి బాకీ. వాళ్లలో ఒకతని పెళ్లాం నా దగ్గరికొచ్చి ఏడ్చింది. పట్టిపెట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక అయిదో అధ్యాయం చెబుతోంది. అది పాస్టరుగారికి నేను చెప్పాల్సిన పని లేదు. ఆయన దానిమీద ప్రసంగం కూడా చేశారు. మొదటి ఆదివారం ఇంకో వారంలో ఉంది. శనివారం సాయంత్రం పెద్దలు నలుగురూ అతని ఇంటికి వెళ్లి, ఆ కూలి ఎప్పుడిస్తావని అడగాలి. వాళ్లు వెళ్తామంటే వెంట నేనూ వస్తాను.